జిల్లా క్రీడాకారులకు, కోచ్‌లకు హాల్ ఆఫ్ ఫేమ్: ఎలా మొదలుపెట్టాలి, ఎలా నిలబెట్టాలి

2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లేశ్వరి వెయిట్‌లిఫ్టింగ్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచిన సంగతి తెలుగువాళ్లలో చాలామందికి తెలుసు. ఆమదాలవలసలో ఆమెకు ఆ ఆటలో ఓనమాలు దిద్దించిన నీలంశెట్టి అప్పన్న గారి పేరు ఎంతమందికి తెలుసు?

మీ జిల్లా స్టేడియానికి వెళ్లి చూడండి. గేటు దగ్గరే శిలాఫలకం ఉంటుంది. శంకుస్థాపన చేసినవారు, ప్రారంభించినవారు, సభకు అధ్యక్షత వహించినవారు, అందరి పేర్లూ దాని మీద ఉంటాయి. ఆ మట్టిలో పరుగెత్తి దేశానికి ఆడినవాళ్ల పేర్లు, వాళ్లను తయారుచేసిన పీఈటీ సార్ల పేర్లు మాత్రం చాలాచోట్ల వెతికినా దొరకవు. అమెరికాలో చాలా కౌంటీల్లో స్థానిక క్రీడాకారుల కోసం ఒక హాల్ ఆఫ్ ఫేమ్ ఉంటుంది. కౌంటీ అంటే దాదాపు మన జిల్లా లాంటిదే. ఏటా కొందరిని ఎంపిక చేసి, సభ పెట్టి, పేరు, ఫొటో, సాధించిన విజయాలు ఫలకం మీద చెక్కి గోడకు అమరుస్తారు. ఆ పని మనమూ చేసుకోవచ్చు. దానికి భవనం అక్కర్లేదు, ఒక మంచి గోడ చాలు. రెండు మూడేళ్లు వదలకుండా పట్టుకునే మనుషులు మాత్రం కావాలి.

ముందు కమిటీ, అనుమతి

ఏడుగురి నుంచి తొమ్మిది మంది చాలు. రిటైరైన పీఈటీలు లేదా పీడీలు (ఫిజికల్ డైరెక్టర్లు) ఇద్దరు, మాజీ క్రీడాకారులు ఇద్దరు (వీరిలో ఒకరు తప్పకుండా మహిళ), పాత పోటీల వార్తలు రాసిన విలేకరి ఒకరు, చరిత్ర చెప్పే లెక్చరర్ ఒకరు, లెక్కలు చూడటానికి బ్యాంకులోనో ఆడిట్‌లోనో పనిచేసినవారు ఒకరు. క్రీడా సంఘాల్లో ఇప్పుడు పదవిలో ఉన్నవాళ్లను సలహాకు పిలవండి, ఓటు మాత్రం ఇవ్వకండి. ఒకే ఆటకు జిల్లాలో రెండు సంఘాలు ఉంటే ఆ తగవు నేరుగా మీ కమిటీలోకి వస్తుంది. రాజకీయ నాయకుల విషయంలోనూ ఇదే పద్ధతి పాటించండి.

విరాళాలు తీసుకోవాలన్నా, కమిటీ పేరిట ఖాతా తెరవాలన్నా సొసైటీగా రిజిస్టర్ చేసుకోవడం మంచిది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందే ఇది జరుగుతుంది. కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి.

స్టేడియం సాధారణంగా జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ, అంటే డీఎస్ఏ, చేతిలో ఉంటుంది. దానికి కలెక్టరే ఛైర్మన్. అందుకని ముందు జిల్లా క్రీడల అధికారిని కలవండి. ఆంధ్రలో డీఎస్‌డీఓ అంటారు, తెలంగాణలో డీవైఎస్ఓ. రెండు పేజీలకు మించకుండా ఒక వినతిపత్రం రాసుకెళ్లండి: ఏం చేయాలనుకుంటున్నారు, ఏ గోడ కావాలి, ఎంపిక ఎలా చేస్తారు, ఖర్చు ఎవరు పెడతారు. ప్రభుత్వాన్ని డబ్బు అడగడం లేదన్న మాట మొదటి పేరాలోనే ఉండాలి. అది చదివాక అధికారులు మిగతాది నిదానంగా చదువుతారు.

ఏ జిల్లా?

ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. తేల్చకుండా ముందుకెళ్తే మాత్రం మొదటి సమావేశంలోనే గొడవ. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31 అయ్యాయి, 2019కి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలను 2022 ఏప్రిల్‌లో 26 చేశారు. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు వీరఘట్టం మనిషి. ఆయన పేరున్న స్టేడియం శ్రీకాకుళంలో ఉంది. వీరఘట్టం మాత్రం ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. మరి ఆయన ఎవరివారు? ఇద్దరివారూ. ఆయన కాలంలో ఈ గీతలే లేవు.

నా మటుకు ఉమ్మడి జిల్లాను లెక్కలోకి తీసుకోమంటాను. పాత సర్టిఫికెట్లు, పాత పత్రికలు, పాత జట్లు అన్నీ ఉమ్మడి జిల్లా పేరు మీదే ఉంటాయి. కొత్త జిల్లా వరకే చేయదలచుకుంటే పక్క జిల్లా కమిటీతో మాట్లాడుకుని ఒకే వ్యక్తికి రెండు చోట్లా ఫలకం పెట్టుకోవచ్చు. ఇందులో ఎవరికీ నష్టం లేదు.

జిల్లాతో సంబంధం అంటే ఏమిటో కూడా రాసిపెట్టుకోండి. ఇక్కడ పుట్టి పెరగడం, ఇక్కడ ఆట నేర్చుకోవడం, ఇక్కడ కనీసం పదేళ్లు ఆట నేర్పడం, ఈ మూడింటిలో ఒకటి ఉండాలి. పూర్వీకుల ఊరు ఒక్కటే సరిపోదు. భారత తొలి టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడు కుటుంబం మూలాలు మచిలీపట్నంలో ఉన్నాయి, ఆయన పుట్టింది మాత్రం నాగపూర్‌లో. అలాంటివారి కోసం ‘మన మూలాలున్నవారు’ అని పక్కన ఒక చిన్న బోర్డు పెట్టండి. ప్రధాన గోడను మన గ్రౌండ్లలో తయారైనవాళ్లకు ఉంచండి.

ఎవరికి చోటు

నాలుగు విభాగాలు పెట్టుకుంటే పని జరుగుతుంది: క్రీడాకారులు, కోచ్‌లు, జట్లు, సేవ చేసినవారు. నాలుగోదాంట్లో రిఫరీలు, స్కోరర్లు, గ్రౌండ్ చూసుకునే సిబ్బంది, సొంత డబ్బుతో పిల్లల్ని పోటీలకు పంపినవారు వస్తారు.

ఆటల్లో ఎక్కువ తక్కువలు చూడకండి. మన జిల్లాల్లో కబడ్డీ, ఖోఖో, బాల్ బ్యాడ్మింటన్, వెయిట్‌లిఫ్టింగ్ ఆడినవాళ్లు వేలల్లో ఉంటారు. టీవీలో రానంత మాత్రాన ఆ ఆటల్లో చెమట తక్కువేం కాదు. దివ్యాంగ క్రీడాకారులకు వేరే విభాగం పెట్టకండి, అందరితో పాటు అదే గోడ మీద ఉండాలి. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024లో కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి టీ20 విభాగంలో (మేధో వైకల్యం ఉన్నవారి విభాగం) ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆమెను పక్క గోడకు పంపే హక్కు ఎవరికీ లేదు.

క్రీడాకారులకు ఆట మానేసిన తర్వాత కొంత గడువు పెట్టండి. అమెరికాలోని కూపర్స్‌టౌన్ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అయిదేళ్లు ఆగుతారు. మనకు మూడేళ్లు చాలు. ఇంకా ఆడుతున్నవాళ్లకు సన్మానాలు చేయండి, నగదు ఇవ్వండి, గోడ దగ్గరికొచ్చేసరికి ఆగండి. ఈ గడువు లేకపోతే నిన్న పతకం గెలిచిన పిల్లల హడావిడిలో 1970లలో ఆడినవాళ్లు మళ్లీ వెనక్కిపోతారు.

కోచ్‌లకు మాత్రం ఈ గడువు వద్దు. ఇరవయ్యేళ్లు నేర్పి ఉంటే, ఇంకా నేర్పుతున్నా సరే, తీసుకోండి. ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సంగతే చూడండి. హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసిన మనిషి. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. 1962లో జకార్తాలో స్వర్ణం గెలిచిన మరుసటి ఏడాదే, 1963 జూన్‌లో, ఆయన కన్నుమూశారు. క్రీడాకారులకు అర్జున అవార్డు 1961లోనే మొదలైంది. కోచ్‌లకు ద్రోణాచార్య రావడానికి 1985 దాకా పట్టింది. అంతకుముందు పనిచేసి వెళ్లిపోయిన కోచ్‌లకంటూ దేశం ప్రత్యేకంగా ఇచ్చిన అవార్డు లేదు. జిల్లా స్థాయి కోచ్‌లకైతే ఆ తర్వాతా అది అరుదే. మీ గోడ మీద మొదటి బాకీ వాళ్లకే తీర్చాలి.

ఆధారాలు సేకరించడం

పనిలో ముప్పాతిక వంతు ఇదే. ఫలకం చేయించడానికి నెల చాలు, దాని మీద రాసే అయిదు వాక్యాలు నిజమని తేల్చుకోవడానికి ఏడాది పట్టొచ్చు.

మొదట వయసు పైబడినవాళ్ల జాబితా రాసుకోండి. ఎనభై దాటిన కోచ్‌లను, క్రీడాకారులను ఈ నెలలోనే కలవండి. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, వాళ్ల అనుమతి తీసుకుని మాట్లాడించండి. ‘మీ విజయాలు చెప్పండి’ అంటే చాలామంది పెద్దవాళ్లు మొహమాటపడతారు. చిన్న చిన్న ప్రశ్నలు అడగండి: ఏ గ్రౌండ్‌లో ఆడేవారు, బూట్లు ఎవరు కొనిచ్చారు, నేషనల్స్‌కు వెళ్లడానికి రైలు చార్జీ ఎక్కణ్నుంచి వచ్చింది, మీలో ఆట ఉందని మొదట కనిపెట్టింది ఎవరు. ఈ చివరి ప్రశ్న అందరినీ అడగండి. మరిచిపోయిన పీఈటీల పేర్లు అక్కడే బయటపడతాయి. ఒకే పేరు నలుగురి నోట వినిపించిందంటే ఆ సార్ ఇంటి అడ్రసు వెతకండి.

తర్వాత కాగితాలు. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సర్టిఫికెట్లు, యూనివర్సిటీ జట్టు సర్టిఫికెట్లు, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చినవాళ్ల దగ్గరుండే ఫారాలు చూడండి. రైల్వే, పోలీసు శాఖల్లో చేరిన క్రీడాకారుల ఇళ్లలో ఫైళ్లు భద్రంగానే ఉంటాయి. హైస్కూలు పాత అడ్మిషన్ రిజిస్టర్‌లో ఊరు, పుట్టిన తేదీ దొరుకుతాయి. గ్రూప్ ఫొటోల వెనక రాసిన పేర్లు వదలకండి. ఫొటో ఫ్రేములో ఉంటే ఇంటివాళ్ల ఎదురుగానే విప్పి, వెనక వైపూ ఫొటో తీసుకుని, తిరిగి బిగించి ఇవ్వండి. ఒరిజినల్ ఏదీ ఇంటికి తెచ్చుకోకండి. అక్కడే స్కాన్ చేసుకోండి. పాత పత్రికల కోసం జిల్లా గ్రంథాలయంలో అడగండి. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను డిజిటైజ్ చేసింది, అవీ చూడండి.

మహిళల వివరాలు వెతికేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఆడిన రోజుల్లో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది, ఇప్పుడు ఊళ్లో అత్తింటి ఇంటిపేరుతో తెలుసు. రెండు పేర్లతోనూ వెతక్కపోతే ఒక తరం అమ్మాయిలు మొత్తం మీ జాబితాలోంచి జారిపోతారు. పెళ్లయ్యాక ఆట మానేసినవాళ్లు తమంతట తాము దరఖాస్తు పెట్టరు. మీరే వెళ్లి అడగాలి.

ఇక సరిచూడటం. ‘స్టేట్ ఆడాడు’ అన్న మాటలో చాలా అర్థాలున్నాయి. జిల్లా తరఫున రాష్ట్ర పోటీల్లో ఆడటం వేరు, రాష్ట్ర జట్టు తరఫున నేషనల్స్ ఆడటం వేరు. క్యాంపుకు పిలుపు రావడం, రిజర్వ్‌లో ఉండటం, మైదానంలో దిగడం మూడూ వేరే. అంతర్జాతీయ పతకం అంటే ఇంకాస్త జాగ్రత్త. డబ్బు కట్టి పేరు నమోదు చేసుకుంటే ఎవరైనా వెళ్లగలిగే పోటీలు విదేశాల్లో కూడా జరుగుతుంటాయి. ఆ ఏడాది ఆ ఫెడరేషన్‌కు కేంద్ర క్రీడా శాఖ గుర్తింపు ఉందా, ఆ పోటీ ఆ ఆట అంతర్జాతీయ సమాఖ్య నిర్వహించిందేనా అన్నది చూడండి. ప్రతి వాక్యానికి రెండు ఆధారాలు ఉండాలి, వాటిలో ఒకటి కాగితం కావాలి. కాగితం దొరక్కపోతే అదే జట్టులో ఆడిన ఇద్దరి వాంగ్మూలం తీసుకుని సంతకాలు పెట్టించండి. పల్లెటూళ్ల పాత కబడ్డీ జట్లకు చాలాసార్లు ఇదే దారి.

ఎంపిక

నామినేషన్ ఫారం ఒక పేజీ, తెలుగులో. ఎవరైనా ఎవరి పేరైనా పంపొచ్చు. రెండు నెలల గడువు ఇవ్వండి. ఫారం జెడ్పీ హైస్కూళ్లకు, జూనియర్ కాలేజీలకు, గ్రంథాలయాలకు పంపండి. వాట్సాప్‌లో మాత్రమే తిప్పితే పట్నంవాళ్ల పేర్లే వస్తాయి.

కూపర్స్‌టౌన్‌కు 1936లో తొలి ఎంపిక జరిగినప్పుడు చోటు దక్కింది అయిదుగురికే. ఓటేసినవాళ్లలో 75 శాతం మంది ఒప్పుకుంటేనే లోపలికి అన్నది వాళ్ల నియమం. మీరూ అదే పెట్టుకోండి, తొమ్మిది మందిలో ఏడుగురు ఒప్పుకోవాలి. ఏడాదికి అయిదుగురు క్రీడాకారులు, ఇద్దరు ముగ్గురు కోచ్‌లు, ఒక జట్టు, సేవ చేసినవారు ఒకరు. మొదటి ఏడాది యాభై మందిని పెట్టేయాలని ఒత్తిడి వస్తుంది. ఒప్పుకోకండి. యాభై మందికీ సభలో ఒక్కో నిమిషం కూడా దక్కదు. ఒక్కరి గురించీ ఎవరికీ ఏమీ గుర్తుండదు.

కమిటీ సభ్యుడి బంధువో, శిష్యుడో పేరు చర్చకు వస్తే ఆ సభ్యుడు గది బయటికి వెళ్లాలి. ఈ ఏడాది ఎంపిక కాని పేరు మరో మూడేళ్లు జాబితాలో ఉంటుందని ముందే చెప్పండి. సగం అలకలు అక్కడే తగ్గుతాయి. జాబితా ప్రకటించే ముందు ఎంపికైనవాళ్ల పేర్లు, వివరాలు స్టేడియం నోటీసు బోర్డులో పదిహేను రోజులు పెట్టి అభ్యంతరాలు అడగండి.

గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. కోచ్ చేతిలో పిల్లలు ఉంటారు. లైంగిక వేధింపుల కేసు నడుస్తున్న వ్యక్తి పేరు ఎంత గొప్ప కోచ్ అయినా పక్కన పెట్టాలి. శిక్ష పడితే గోడ మీద ఉన్న పేరునూ తీసేయాలి. డోపింగ్‌లో నిషేధం పడినవాళ్ల విషయం కూడా నిబంధనల్లోనే ఉండాలి. ఫలానా పెద్దమనిషి పేరు ఎదురుగా పెట్టుకుని ఈ నియమం రాయడం ఎవరివల్లా కాదు, కాబట్టి మొదటి ఎంపికకు ముందే రాయండి.

గోడ, ఫలకం

స్టేడియం లోపల జనం రోజూ నడిచే చోటు, ఎండ వాన నేరుగా తగలని చోటు చూసుకోండి. ఇండోర్ స్టేడియం వరండా అన్నిటికన్నా మంచిది. రోడ్డు కూడలిలో విగ్రహం పెడదామనే ఉత్సాహవంతులు వస్తారు. పబ్లిక్ రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలోనే రాష్ట్రాలను ఆదేశించింది. ఆ మాట చెప్పి ఆపేయండి.

ఫ్లెక్సీ వద్దు, ఎండకు త్వరగా వెలిసిపోతుంది. నల్ల గ్రానైట్ మీద అక్షరాలు చెక్కిస్తే తరాలు ఉంటుంది. చీమకుర్తి గెలాక్సీ రాయి అందంగానే ఉంటుంది గానీ అందులో మెరిసే చుక్కలు చిన్న అక్షరాలను మింగేస్తాయి. చుక్కల్లేని నల్ల రాయి తీసుకోండి. డీటీపీలో ఫాంటు మారితే ఒత్తులు చెదిరిపోతాయి. అందుకని రాయి మీదికి వెళ్లే ముందు అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీయించి ముగ్గురు చదవాలి. ఆ ముగ్గురిలో ఒకరు ఆ క్రీడాకారుడి ఇంటివాళ్లు అయి ఉండాలి. ఇంటిపేరు, ఊరి పేరు ఎలా రాయాలో వాళ్లకన్నా తెలిసినవాళ్లు లేరు.

ఫలకం మీద నలభై యాభై పదాలు మించొద్దు. విశేషణాలు తీసేసి ఏడాది, పోటీ, ఫలితం రాయండి. ఇలా:

కరణం మల్లేశ్వరి. వెయిట్‌లిఫ్టింగ్. ఆమదాలవలస. 1994, 1995 ప్రపంచ చాంపియన్. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. గురువు: నీలంశెట్టి అప్పన్న.

ఆ చివరి మాట ప్రతి క్రీడాకారుడి ఫలకం మీదా ఉండాలి. దీన్ని నిబంధనగానే రాసుకోండి. దీప్తి లాంటివారి కథలో ఆమెలో ఆట ఉందని గుర్తించిన బడి పీఈటీ ఉన్నారు, ఆ తర్వాత శిక్షణ ఇచ్చిన నాగపురి రమేశ్ ఉన్నారు. ఇద్దరికీ చోటివ్వండి.

కోచ్ ఫలకం రాసే తీరు వేరు. ఏ ఆట, ఏ గ్రౌండ్, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఆ తర్వాత శిష్యుల పేర్లు. హైదరాబాద్ బ్యాడ్మింటన్‌ను తీసుకుంటే ఎస్.ఎం. ఆరిఫ్‌కు 2000లో ద్రోణాచార్య వచ్చింది. ఆయన శిష్యుడు పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి, 2009లో తానూ ద్రోణాచార్య అందుకున్నారు. గోపీచంద్ శిక్షణలో పి.వి. సింధు 2016లో రియోలో రజతం తెచ్చింది. మూడు తరాల వరస మూడు ఫలకాల్లో పక్కపక్కనే కనిపిస్తే, అక్కడ నిలబడి చదివే పిల్లలకు ఆట ఎలా చేతులు మారుతుందో ఎవరూ వివరించనక్కర్లేదు.

డబ్బు

ఒక్క దాత మీద ఆధారపడకండి. ఒక్కరే ఇస్తే రేపు గోడ మీద పేరు కూడా ఒక్కరే అడుగుతారు. దాతల పేర్లన్నీ ఒకే సైజులో, విడిగా ఒక చిన్న బోర్డు మీద రాయండి. ఖాతాకు ఇద్దరి సంతకాలు ఉండాలి, ఏటా లెక్క బోర్డు మీద పెట్టాలి. విదేశాల్లో ఉన్న మన ఊరివాళ్లు ఇస్తామంటే ముందు పాస్‌పోర్టు సంగతి అడగండి. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు ఇస్తే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా తీసుకోకూడదు.

సభ

ఆగస్టు 29 జాతీయ క్రీడా దినోత్సవం. ఆ రోజు అధికారులు వేరే కార్యక్రమాల్లో ఉంటారు కాబట్టి నేనైతే ఎస్‌జీఎఫ్ జిల్లా పోటీలు జరిగే రోజుల్లో ఒక సాయంత్రం పెట్టుకోమంటాను. పిల్లలు, పీఈటీలు అందరూ ఎలాగూ అక్కడే ఉంటారు.

వేదిక మీద కుర్చీలు సన్మానం పొందేవాళ్లకు, వాళ్ల గురువులకు. ముఖ్య అతిథి కూడా కింద మొదటి వరసలో కూర్చోవచ్చు, అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. అతిథి ఆలస్యమైనా టైముకు మొదలుపెట్టండి. ఎనభై ఏళ్ల మనిషిని గంటన్నర కూర్చోబెట్టి శాలువా కప్పడం సన్మానం అవదు. వేదికకు మెట్లతో పాటు వాలు దారి ఉండాలి. దూరం నుంచి వచ్చేవాళ్లకు దారి ఖర్చు ముందే పంపండి. ఒక్కొక్కరి వివరం పూర్తిగా చదివించండి. చదివేవారు ఊరి పేర్లు, ఇంటిపేర్లు ముందు రోజే సరిచూసుకోవాలి. గురుశిష్యులిద్దరూ ఉంటే కలిపి పిలవండి. చనిపోయినవారి తరఫున కుటుంబసభ్యులతో పాటు ఒక శిష్యుణ్ని కూడా పిలవండి. జ్ఞాపిక బదులు ఆ ఫలకానికి చిన్న నకలు చేయించి ఇవ్వండి, ఇంటి గోడకు పెట్టుకుంటారు.

ఆ తర్వాత

సేకరించిన స్కాన్లు, రికార్డింగులు, సంతకాల కాగితాలు మూడు చోట్ల ఉంచండి: కమిటీ దగ్గర ఒకటి, జిల్లా గ్రంథాలయంలో ఒకటి, ఆ క్రీడాకారుడు చదివిన బడిలో ఒకటి. ఎంపిక కానివాళ్ల ఫైళ్లు కూడా పారేయకండి, రేపటి కమిటీకి అవే పెట్టుబడి. ఫలకం మీద తప్పు దొర్లితే సరిదిద్దే దరఖాస్తుకు వేరే ఫారం పెట్టి, మూడు నెలల్లో జవాబు ఇవ్వండి.

కలెక్టర్లు, క్రీడల అధికారులు బదిలీ అవుతూనే ఉంటారు. నోటి మాట మీద వచ్చిన అనుమతి వాళ్లతో పాటే వెళ్లిపోతుంది. స్టేడియానికి రంగులు వేయించే కొత్త అధికారి ఫలకాలు తీసి స్టోర్ రూములో పెట్టించినా అడగడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. అందుకే ఏ గోడ, ఎన్ని అడుగులు, ఎవరి నిర్వహణ అన్న వివరాలతో కలెక్టర్ ప్రొసీడింగ్స్ (రాతపూర్వక ఉత్తర్వు) తీసుకోండి. ఆ నంబరు, తేదీ గోడ మీదే ఒక మూల చిన్నగా చెక్కించండి.